కుంటిరాణి కుడికాలు

నేను ఇంతకుముందే ఎందుకు రాయలేదని అడిగినవాళ్ళందరికీ ఒకే జవాబు చెబుతూ వచ్చాను: పులి వల్ల. మేముండే చోటి నుంచి బడికి పోయే దారిలో పులి తిరుగుతోందని నాకు ఎనిమిదేళ్ళప్పుడు చదువు మాన్పించారు. ఈ మాట వినగానే ఎదుటివాళ్ళు అయ్యో అంటారు, కొందరు నా చెయ్యి పట్టుకుంటారు, మా మందమర్రి కాలనీలో ఒకామె అయితే కళ్ళు తుడుచుకుని గిన్నెడు పాయసం తెచ్చిచ్చింది. పాయసం తిన్నాను గాని అసలు సంగతి చెప్పలేదు. అరవై దాటిన తర్వాత, చర్చిలో ఆడవాళ్ళ కూడికలో పాస్టరమ్మ పలకా బలపం ఇచ్చి వేలు పట్టి దిద్దించేదాకా నాకు అక్షరమ్ముక్క రాదు. బస్సు మీద ఊరిపేరు చదవడం నేర్చుకోవడానికే రెండేళ్ళు పట్టింది. నేను చదవడం ముగించేలోపు బస్సు వెళ్ళిపోయేది. ఇప్పుడు నిదానంగానైనా రాయగలుగుతున్నాను కాబట్టి మొదట రాయవలసింది ఇదే. ఆ దారిలో పులి లేదు. ఆ పులిని నేనే చేశాను, ఈ కుడిచేత్తోనే.

ఇది బయటపెట్టే అవసరం పోయిన చలికాలం దాకా రాలేదు. క్రిస్మస్ అయిన వారానికి మా తమ్ముడు సామ్యేలు ఆసిఫాబాద్ నుంచి బస్సెక్కి వచ్చాడు. తమ్ముడు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాడన్న మాటే గాని, ఇప్పటికీ ఎవరింటికి పోయినా గడపలో నిలబడి, లోపల హాజరు వేసుకుంటున్నట్టు అందరినీ ఒకసారి చూసి గాని కాలు లోపల పెట్టడు. ఆ రోజు మాత్రం చెప్పులు కూడా విడవకుండా లోపలికొచ్చాడు.

"అక్కా, బాపు టీవీల వస్తుండు!"

"బాపు పోయి ఇరవై ఏండ్లాయె గదరా. ఎట్ల వస్తడు?"

"నీ నోటికో దండం. హైదరాబాద్ నుంచి ఫోన్ జేసిండ్రు. మన దేశంల అభయారణ్యాలు ఎట్ల పుట్టినయో ఆ చరిత్ర మీద సిరీస్ తీస్తుండ్రట. ఒక్కో అడవికి ఒక్కో భాగం. మన అడవి భాగంల బాపు ఉన్నడు. కుంటిరాణిని కాపాడిన వాచర్ దేవయ్య!"

చేతిలో చాట అట్లాగే ఆగిపోయింది. "ఎవరిని కాపాడిండు?" అన్నాను, సరిగానే విన్నా.

"కుంటిరాణినే! మన పులినే! అప్పటి ఫారెస్టు పెద్ద సారు నోట్‌బుక్కులన్నీ ఆయన బిడ్డల దగ్గర దొరికినయట. ఏడేండ్ల కథ, ఒక్కొక్క అడుగు గీసి పెట్టిండట. మనిద్దరం వాగు కాడికి పోయి కెమెరా ముంగట బాపు గురించి చెప్పాలె." ఆ తర్వాత సంచిలోంచి ఒక కార్డు తీసి నా ఒళ్ళో పెట్టాడు. వాడి చిన్న కూతురి పెళ్ళికార్డు. నాకు చదవడం వచ్చు కదా అని వేలుపెట్టి మెల్లగా చదివాను. వధువు పేరు కింద, 'పులి సంరక్షకులు కీర్తిశేషులు దేవయ్య గారి మనుమరాలు' అని బంగారు అక్షరాల్లో అచ్చయి ఉంది. అప్పటికే ఐదువందలు అచ్చు వేయించాడట. నాకు నవ్వు రాలేదు.

మా బాపు అడవిలో వాచరు. అడవి నడుమ అతిథుల బంగ్లా, దాని వెనక రెండు గదుల క్వార్టరు, ముందు చింతవాగు. అదే మా లోకం. పొద్దున లేవగానే బాపు ముఖం కూడా కడుక్కోకుండా వాగు ఒడ్డుకు పోయేవాడు. వంగి, చేతులు వెనక కట్టుకుని, ఇసుకలో ఉన్నదంతా చూసుకుంటూ నడిచేవాడు. తిరిగొచ్చి మా అవ్వకు, అంటే మా అమ్మకు, చెప్పేవాడు: అడవిపందులు ఐదు వచ్చినయి, దుప్పి పిల్లతోటి వచ్చింది, ఎవడో చెప్పుల్లేనోడు గొడ్డలి పట్టుకొని అవతలికి పోయిండు. గొడ్డలి సంగతి ఎట్లా తెలిసిందంటే, ఒక పక్క అడుగు లోతుగా దిగబడిందనేవాడు. అవ్వ పొయ్యిలో తునికి కట్టెలు ఎగదోస్తూ, "మరి నిన్న పోయిన నా కోడిపెట్ట ఏడున్నదో రాసి లేదా ఇసుకల?" అని అడిగేది. ఇల్లంతా ఎప్పుడూ ఒకే వాసన. పొగ, ఎండుతున్న ఇప్పపువ్వు, బాపు ఖాకీ చొక్కాకు పట్టిన వేపనూనె. ఇప్పపువ్వు ఎండేటప్పుడు వచ్చే ఆ తీపి మత్తువాసనకు మా పాస్టరుగారు నెలకోసారి ప్రార్థన చెప్పడానికి వచ్చి, గుమ్మంలోనే ఆగి, అనుమానంగా బాపు వంక చూసేవాడు. పశువులకు పెడతామని అవ్వ చెప్పేది. మాకు పశువులు లేవు.

అంతకుముందు ఆ బంగ్లాకు పట్నాల నుంచి తుపాకులవాళ్ళు వచ్చేవాళ్ళట. నాకు ఊహ తెలిసేసరికి వేట బందైంది. చంపే అడవి పోయి కాపాడే అడవి వచ్చింది, బంగ్లా మాత్రం అదే, వంటమనిషీ అదే, గోడమీద కొమ్ములూ అవే. కొత్త పద్ధతిలో అడవిని బీట్లుగా, కాపలా ముక్కలుగా పంచి, పులి ఉన్న బీటుకు ఒక వాచరు, ఒక క్వార్టరు. పులి లేని బీటును పక్కదాంట్లో కలిపేస్తారు. మా బాపుకు ఈ సంగతి తెలిసిన రోజు నుంచి అన్నం సయించలేదు. ఎందుకంటే పులి పోయి అప్పటికి రెండేళ్ళు. వేటగాళ్ళే కొట్టేశారో, అదే విసుగుపుట్టి అవతలి అడవికి పోయిందో గాని, ఇసుకలో దాని గుర్తు లేదు. పెద్ద సారు పులుల లెక్కకు సోమవారం వస్తున్నాడని కబురొచ్చింది. ఆదివారం ప్రార్థనలో బాపు పాట పాడలేదు. పెదాలు కదిపాడు, అంతే.

అదే సాయంత్రం నేను వాగు ఒడ్డున ఆడుకుంటున్నాను. అడవిలో పిల్లలకు బొమ్మలుండవు కదా, మా ఆట ఇసుకలో జంతువుల అడుగులు వేయడం. రెండు వేళ్ళు కలిపి పొడిస్తే దుప్పి, అరచెయ్యి అంచుతో ఎలుగుబంటి. పిడికిలి బోర్లించి నొక్కి, దాని ముందు వేళ్ళ కొసలు దింపితే పులి. బాపు నా వెనక వచ్చి నిలబడింది నాకు తెలియదు.

"ఇదెవరేసిండ్రే?"

"నేనే బాపూ. పులి."

బాపు గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఎంతో మర్యాదగా, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు అన్నాడు: "పులి బొటనవేలు కింద ఆనది బిడ్డా. నాలుగే వేళ్ళు ఆనుతయి. ఆ ఐదోది చెరుపు."

చెరిపాను. మళ్ళీ వేశాను. వేళ్ళు ఒకే వరసలో ఉండకూడదన్నాడు. గోళ్ళు దిగకూడదు, పులి గోళ్ళు లోపల దాచుకుని నడుస్తుందన్నాడు. మడమ దగ్గర మూడు గుండ్రాలు కనబడాలన్నాడు. పొద్దు గూకేదాకా ఎన్నిసార్లు చెరిపించాడో లెక్కలేదు. బాపు తానే వేయవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. బాపు పిడికిలి గడ్డపారలు పట్టి పట్టి వంకరపోయింది. వేసి చూశాడు, ఎద్దు డెక్కలా వచ్చింది. అవ్వ బిందె పట్టుకుని వచ్చి, ఇద్దరినీ చూసి, బిందె కింద పెట్టేసింది.

"దేవుని దినం నాడు అబద్ధం నేర్పుతున్నవా పిల్లకు?"

"ఇది అబద్ధం కాదే. బొమ్మ."

"పది ఆజ్ఞలు యాదికున్నయా నీకు?"

"అన్నీ యాదికున్నయి. ఒక్కదాంట్ల గూడ పులి పేరు లేదు," అన్నాడు బాపు.

మరునాడు పెద్ద సారు వచ్చాడు. లావాటి అద్దాలు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, చాలా మంచి మనిషి. ఇసుకలో నా పిడికిలి చూసి మోకాళ్ళమీద కూలబడ్డాడు. దానిమీద గాజుపలక పెట్టి, కలంతో చుట్టూ గీసుకున్నాడు. చిన్నగా ఉంది కాబట్టి ఇది పిల్ల అన్నాడు. పిల్ల ఉందంటే తల్లి ఉన్నట్టే అన్నాడు. ఆ విధంగా నా ఒక్క పిడికిలికి రెండు పులులు లెక్కలోకెక్కాయి. కానీ ఒక చిక్కొచ్చింది. నేను వేసింది కుడిచేత్తో, అదీ ఒక్కటే. మిగిలిన మూడు కాళ్ళు ఏమయ్యాయి? ఇది నేనూ ఆలోచించలేదు, బాపూ ఆలోచించలేదు. బాపు ముఖం తెల్లబడటం నేను చూశాను. పెద్ద సారు మాత్రం తనే కూర్చుని ఆలోచించి తేల్చాడు. వెనక కాళ్ళు బండమీద పెట్టి, కుడి ముంగాలు ఒక్కటే ఇసుకలో ఆనించి నీళ్ళు తాగింది. ఎడమకాలు పైకి పట్టుకుంది. ఎందుకంటే ఎడమకాలికి దెబ్బ. "పాపం, కుంటిది," అన్నాడు. "అవును సారూ, జర నొప్పితోటే ఉన్నట్టుంది," అన్నాడు మా బాపు.

అప్పటికి నేను వాగు అవతల పెద్దూరు బడికి పోవడం మొదలుపెట్టి పదకొండు రోజులైంది. పలకమీద రెండక్షరాలు వచ్చాయి, మూడోది వస్తూ ఉంది. పెద్ద సారు పోయిన వారానికి ఆ బడికి పోయే కాలిబాట మొదట్లో పులిబొమ్మతో బోర్డు పాతారు, దానికి అడ్డంగా గొలుసు కట్టారు. పెద్దూరికి పోవాలంటే రోడ్డుమీద చుట్టు తిరిగిపోవాలి, చిన్నపిల్ల నడిచే దూరం కాదు. నేను బాపు దగ్గరికి పోయి, "పులి లేదు గద బాపూ, నేను పోతా," అన్నాను. బాపు చుట్టూ చూసి, "పులి లేదని నీకెట్ల తెలుసని అడిగితే ఏం జెప్తవే?" అన్నాడు. తమ్ముడికి చదువు వయసు వచ్చేసరికి, దారిలో పులి ఉంది కాబట్టి వాచరు కొడుకును చేర్చుకోండని పాస్టరుగారు రాసిస్తే, మిషన్ వాళ్ళ హాస్టల్లో వెంటనే చోటు దొరికింది. మరి నేనో అన్నాను. అది మగపిల్లల హాస్టలు అన్నాడు బాపు. ఆడపిల్లలది కూడా ఉందట కదా అన్నాను. బాపు తల గోక్కున్నాడు.

"నువ్వు గూడ పోతే మరి పులెట్లనే?"

ఆ మాటకు నేను ఏడ్చాను గాని, నిజం చెప్పాలంటే కొంచెం గర్వపడ్డాను కూడా. మా బీటులో నేనే పెద్ద జంతువును. ఏటేటా నా పిడికిలి పెరిగింది, పెద్ద సారు నోట్‌బుక్కులో పులి పెరిగింది. నాకు పన్నెండేళ్ళప్పుడు కప్పుకు గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి చూపుడువేలికి కట్టు కట్టారు. లెక్క ఆగదు కదా. మూడు వేళ్ళతోనే వేశాను. పెద్ద సారు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఎవరో దుర్మార్గులు ఉచ్చు పెట్టారు, రాణి వేలు తెగిపోయిందన్నాడు. ఆ ఏడు అడవంతా ఉచ్చులు వెతికించాడు. నిజంగానే బండెడు ఉచ్చులు దొరికాయి! మరుసటేడు నా వేలు మానిపోయింది కాబట్టి నాలుగూ వేశాను, ఆలోచించకుండా. బాపు నెత్తిమీద చెయ్యి పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు. పెద్ద సారు చాలాసేపు అద్దాలు తుడుచుకుని, "అయితే తెగలేదన్నమాట, వాచింది," అని రాసుకున్నాడు. ఆయన సంతోషం చూస్తే నాకే అనిపించేది, నిజంగా ఆ పులి ఎక్కడో ఉంటే బాగుండునని. కుంటిరాణి అని పేరు పెట్టింది ఆయనే. ఆ పేరుకు భయపడి కలపదొంగలు మా బీటులో కాలు పెట్టలేదు. పక్క బీట్లలో టేకుమొద్దులు బండ్లకెత్తి పోతుంటే మా దగ్గర చెట్టు చెట్టులాగే నిలబడింది. అది కూడా రాయాలి.

పదిహేను నిండకుండానే నా పెళ్ళయింది. మా ఆయనది మందమర్రి, బొగ్గుగనిలో పని. నేను వెళ్ళిన ఏడు లెక్కకు పెద్ద సారు వచ్చి, వాగంతా వెతికి, గుర్తు దొరకక, పది రోజులు బంగ్లాలోనే ఉండిపోయాడట. 'రాణి ఎటు వెళ్ళిందో అడవికే తెలియాలి' అని నోట్‌బుక్కు చివర రాశాడని మా తమ్ముడు చెప్పాడు. రాణి మందమర్రిలో అత్తగారింట్లో జొన్నరొట్టెలు చేస్తోంది. అప్పటికి వేరే రెండు పులులు నిజంగానే అవతలి నుంచి వచ్చి చేరాయి కాబట్టి బాపు ఉద్యోగానికి ఢోకా రాలేదు. ఆయన పోయేదాకా మేమిద్దరం దీని గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు. తమ్ముడికి ఎవరూ చెప్పలేదు.

సంక్రాంతి సెలవులు అయిపోయి బళ్ళు తెరిచిన వారం షూటింగు పెట్టుకున్నారు. నిహారిక అని పిల్ల, సన్నగా, జేబులు ఎక్కువున్న ప్యాంటు. ఆమె వెంట కెమెరా ఒకరు, మైకు ఒకరు. సెక్షన్ ఆఫీసరు జీపు ఇచ్చి, జాడలు పట్టే ట్రాకర్ జంగును తోడు తీసుకుని తానూ వచ్చాడు. జంగు గోండు మనిషి, నలభై ఉంటాయి, మాటలు తక్కువ. దారిలో చెట్లకు కట్టిన చిన్న పెట్టెలు చూపించాడు. అవి కెమెరాలట. పులి ముందునుంచి పోతే దానంతట అదే ఫోటో తీసుకుంటుందట. ఒక్కో పులి చారలు ఒక్కో రకం, వాటిని బట్టి ఏది ఏదో చెప్పేస్తారట. అంటే ఇప్పుడు పులులకు కూడా ఆధార్ కార్డున్నట్టే. ఇదే మా కాలంలో ఉంటే ఆ పెట్టెలో నా ఫోటో పడేది, రెండు జడలతో. బంగ్లాకు రంగులు వేశారు. మా క్వార్టరు ఉన్నచోట కార్లు నిలుపుతున్నారు. కాలిబాట మాత్రం అదే బాట. ఎన్నో ఏళ్ళ కిందటే తెరిచారట, గొలుసు ఒక పక్కన తుప్పుపట్టి వేలాడుతోంది. ఆ బాటమీద స్కూలు బట్టల్లో ఆడపిల్లలు సైకిళ్ళు తొక్కుకుంటూ పోతున్నారు. ఒకామె ముందు చక్రం పైకెత్తి తొక్కుతోంది. అడవిలో గంటలు మోగించుకుంటూ, అరుచుకుంటూ.

వాగు దగ్గర ముందు తమ్ముణ్ణి మాట్లాడించారు. వాడు కెమెరా వంక చూసి పాఠం చెప్పినట్టు చెప్పాడు. బాపు పులిని ఎట్లా ప్రేమించాడో, రాత్రింబవళ్ళు ఎట్లా కావలి కాశాడో. వాడు హాస్టల్లో ఉన్నాడు కదా, ఇదంతా ఎక్కడ చూశాడో నాకు తెలియదు. తర్వాత వెలుగు సరిచేసుకోవాలని వాళ్ళు అటు తిరిగి ఏదో సర్దుకుంటున్నారు. నన్ను ఒక బండమీద కూర్చోబెట్టారు. పాదాల దగ్గర తడి ఇసుక, చల్లగా, నున్నగా, ఎవరూ తొక్కనిది. నేను కావాలని చేయలేదు. చెయ్యి దానంతట అదే దిగింది. పిడికిలి, నాలుగు వేళ్ళు. లేచి చూసుకుంటే, ఇంత వయసొచ్చాక కూడా ఎంత బాగా వచ్చిందో అని ముచ్చటపడి, నీళ్ళు తాగడానికి జీపు దగ్గరికి పోయాను. చెరపడం మరిచాను.

వెనకనుంచి తమ్ముడి కేక వినబడింది.

"పులి! పచ్చిగున్నది, ఇప్పుడిప్పుడే పోయింది! కుడికాలే! కుంటిరాణి మనుమరాలు!"

నేను తిరిగేసరికి వాడు నన్ను దాటుకుని జీపులో ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి అంత ఎత్తు ఎట్లా ఎక్కాడో తెలియదు. నిహారిక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కెమెరా అతను ఇసుకమీద బోర్లా పడుకుని తీస్తున్నాడు. సెక్షన్ ఆఫీసరు అప్పటికే వాకీటాకీలో చెప్పేశాడు: చింతవాగు, తాజా గుర్తు, కాలిబాట బంద్ చెయ్యండి. ఎవరో పరుగెత్తి ఆ తుప్పుపట్టిన గొలుసు తీసి బాటకు అడ్డంగా కట్టారు. బడి వదిలి ఇళ్ళకు వస్తున్న పిల్లలు అవతలి వైపు సైకిళ్ళు ఆపి నిలబడ్డారు.

జంగు వంగి ఇసుక చూశాడు. చుట్టూ ఒకసారి నడిచి చూశాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, నా చెయ్యి వంక చూసి, ఎవరికీ వినబడకుండా అన్నాడు:

"అవ్వా, చేతికి ఇసుక అంటుకున్నది. కడుక్కోరాదు?"

కడుక్కుంటే అయిపోయేది. బాపు పేరు బంగారు అక్షరాల్లో అట్లాగే ఉండేది, తమ్ముడి సంబరం అట్లాగే ఉండేది, సిరీస్ వాళ్ళకు ఇంకా మంచి కథ దొరికేది. నేను నీళ్ళ సీసా వంచాను కూడా. గొలుసు దగ్గర ఆఫీసరు పిల్లలతో అంటున్నాడు, "రేపటి సంది ఈ బాట లేదు. రోడ్డు మీదికెళ్ళి తిరిగి పోవాలె." ఒక పిల్ల అడిగింది, "ఎన్ని రోజులు సార్?" "చెప్పలేం. ఏడాది కావచ్చు." సైకిలు చక్రం పైకెత్తి తొక్కిన పిల్ల ఉందే, ఆమె సైకిలు వెనక్కి తిప్పుకుంది. "మా బాపు మాన్పిస్తడు ఇగ," అంది పక్కపిల్లతో, మామూలుగా, బజ్జీలు అయిపోయాయి అన్నట్టు.

సీసా మూత పెట్టేశాను.

"సారూ, అది పులి కాదు. నేనేసిన," అన్నాను. ఎవరూ నమ్మలేదు. వాళ్ళ ముందే ఇసుకలో ఇంకొకటి వేశాను. అప్పుడు నమ్మారు. ఒకసారి మొదలుపెట్టాక ఆగలేకపోయాను, ఎనిమిదేళ్ళప్పటి నుంచి అంతా చెప్పేశాను. చెప్పడం అయ్యాక నిహారిక నా పక్కన ఇసుకలో కూర్చుంది. తర్వాత మెల్లగా, "అమ్మా, మళ్ళీ ఒక్కసారి చెప్తారా? మైక్ ఆన్‌లో లేదు," అంది. మళ్ళీ చెప్పాను. ఈసారి ఎండకు మబ్బు అడ్డం వచ్చిందట. మూడోసారి చెప్పేటప్పటికి నాకు ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో కూడా తెలిసిపోయింది. నేను చెప్పిన ప్రతిసారీ జీపులో తమ్ముడి ముఖం ఇంకొంచెం ఎర్రబడింది.

"ఐదువందల కార్డులే!" అన్నాడు సాయంత్రం బంగ్లా వరండాలో. "బాపు పేరు మట్టిల కలిపినవ్. ఊకుంటే నీ సొమ్మేం పోతుండె?"

"బాపు అడవిని కాపాడలేదని నేనన్ననారా? కాపాడిండు. పులి లేకుంట కాపాడిండు."

"నన్ను హాస్టల్ల ఏసింది గూడ..." అని ఆగిపోయాడు. హెడ్మాస్టరు కదా, లెక్క వేసుకుంటున్నాడు. "ఆ పులి తోనేనా?"

"ఆ పులి తోనే."

వాడు అన్నం తినలేదు. గొలుసు మాత్రం విప్పలేదు. సంగతి అప్పటికే పైకి పోయిందట. అది పులి కాదని ఎవరైనా రాతపూర్వకంగా ఇస్తే తప్ప బాట తెరవడం కుదరదట. ఆ పూటకు పిల్లల్ని జీపులో చుట్టు తిప్పి ఇళ్ళకు పంపారు, సైకిళ్ళు నడ్డివిరిగినట్టు జీపు వెనక వేలాడుతూ.

మరునాడు పొద్దున ఎనిమిదింటికల్లా నేను సెక్షన్ ఆఫీసు ముందున్నాను. తమ్ముడు నాలుగడుగుల వెనక, గొడుగు పట్టుకుని, అటువైపు చూస్తూ వచ్చాడు. గొలుసు దగ్గర అప్పటికే పిల్లలు చేరారు. ఆఫీసరు ఒక కాగితం మీద మూడు ముక్కలు తానే రాసి, సిరాడబ్బా నా ముందుకు జరిపాడు. "ఇగో అవ్వా, ఇక్కడ వేలిముద్ర ఏస్తే చాలు."

"నాకు రాయొస్తది సారూ. కాగితం ఇయ్యి."

కాగితం ఇచ్చాడు. నేను రాయడం మొదలుపెట్టాను. నాకు అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి, గట్టిగా అనుకుంటూ రాయాలి, లేకపోతే రాదు. ఆఫీసరు ఒక చాయ్ తాగాడు, ఇంకో చాయ్ తాగాడు. జంగు వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. బయట సైకిలు గంటలు మొదలయ్యాయి. నిన్నటి గుర్తు నేనే వేశానని రాశాను. మునుపటివి కూడా నేనే వేశానని రాశాను. వేలికి కట్టు కట్టిన ఏడు సంగతి కూడా రాశాను, పెద్ద సారును మోసం చేసినందుకు బాధగా ఉందని, ఆయన వల్ల బండెడు ఉచ్చులు దొరికాయని రాశాను. మా బాపు వేయించాడని, ఆ అడవిలో టేకు ఇంకా నిలబడి ఉందని, రెండూ రాశాను. కాగితం అయిపోతే ఇంకోటి అడిగాను.

"ఇంత అవసరం లేకుండె అవ్వా," అన్నాడు ఆఫీసరు గడియారం చూసుకుంటూ.

"ఒక్కసారే రాస్తున్న గద సారూ. జర ఓపిక పట్టు."

తొమ్మిదిన్నరకు సంతకం పెట్టాను. సాక్షి సంతకం కావాలన్నారు. తమ్ముడు గొడుగు మూసి లోపలికి వచ్చాడు. రెండు కాగితాలూ తీసుకుని, పరీక్షపేపరు చూసినట్టు మొదటినుంచి చివరిదాకా చదివాడు. బాపు పేరున్నచోట ఆగాడు, మళ్ళీ చదివాడు. జేబులోంచి తన పెన్ను తీసి సంతకం పెట్టాడు. జంగు పోయి గొలుసు విప్పాడు.

పిల్లలు సైకిళ్ళు ఎక్కలేదు. బడి మొదలై అరగంట అయిపోయింది, ఇప్పుడు పోతే టీచరమ్మ బయట నిలబెడుతుందట. ఆలస్యం చేసింది నేనే కదా, నేనొచ్చి చెబుతాను పదండన్నాను. ఆ చక్రం పైకెత్తే పిల్ల తన వెనక సీటు తట్టి చూపించింది. ఎక్కి కూర్చున్నాను. రెండుసార్లు పడబోయాం. తమ్ముడు వెనకనుంచి, "మెల్లగ! మెల్లగ తొక్కు పోరీ!" అని అరుస్తూ నడిచి వచ్చాడు. ఆ బాట నేను అనుకున్నంత దూరం లేదు.

బడి గుమ్మంలో టీచరమ్మ నిలబడి ఉంది. పిల్లలందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. నేను నోరు తెరిచేలోపు తమ్ముడు రొప్పుతూ వచ్చి, చొక్కా సర్దుకుని, అందరికంటే ముందు నిలబడ్డాడు.

"మేడం, వీళ్ళ తప్పు లేదు. ఈమె మా అక్క. రాసుకుంట కూసున్నది, గందుకే ఆలస్యమైంది," అన్నాడు.